దోమల మొక్కలు పెట్టినా దోమలు పోవట్లేదా? ఎక్కడ తేడా వస్తోందో చూడండి

నిమ్మగడ్డి, తులసి, బంతి, వాము ఆకు, వావిలి. దోమలు రావని వీటిని కొని వరసగా పెట్టుకుంటారు. నెల తిరిగేసరికి దోమలు అలాగే ఉంటాయి, లేదా మొక్క చచ్చిపోతుంది. రెండింటికీ కారణాలున్నాయి. మీ ఇంట్లో కనిపిస్తున్న లక్షణం ఏదో చూసి అక్కణ్ణుంచి మొదలుపెట్టండి.

కుండీలు పెట్టాకే దోమలు ఎక్కువయ్యాయి

అన్నిటికంటే ముందు చూడాల్సింది ఇదే. పది కుండీలు తెచ్చారంటే వాటి కింద పెట్టే పది ప్లేట్లు కూడా తెచ్చినట్టే. పోసిన నీళ్ళు ఆ ప్లేట్లలోకి దిగి, నీడపట్టున కదలకుండా నిలుస్తాయి. డెంగీని, చికున్‌గున్యాను మోసుకొచ్చే ఏడిస్ దోమ గుడ్లు పెట్టేది సరిగ్గా అలాంటి చోటే. కొబ్బరిచిప్పలో నిలిచినన్ని నీళ్ళు దానికి చాలు.

కుండీని పక్కకు జరిపి, ఫోను టార్చి వేసి చూడండి. సన్నటి దారపు ముక్కల్లాంటివి నీళ్ళలో తలకిందులుగా వేలాడుతూ, వెలుతురు పడగానే మెలికలు తిరుగుతూ అడుక్కి పోతుంటే అవి దోమ పిల్లలు. నీటి గీతకు కాస్త పైన, ప్లేటు గోడకు మిరియాల పొడి అంటినట్టు నల్లటి నలుసులు కనిపిస్తే అవి గుడ్లు. చాలామంది నీళ్ళు పారబోసి ఊరుకుంటారు. గుడ్లు గోడకే ఉండిపోతాయి. ఎండిపోయినా నెలల తరబడి చావవు, మళ్ళీ నీళ్ళు తగలగానే పొదుగుతాయి. అందుకే ప్లేటును కొబ్బరి పీచుతో గట్టిగా రుద్ది కడగాలి. మన వేడికి గుడ్డు దోమై ఎగరడానికి 7 నుంచి 10 రోజులు పడుతుంది కాబట్టి వారానికి ఒకసారి కడిగితే ఆ గొలుసు తెగుతుంది. శుక్రవారం డ్రై డే, అంటే నిలిచిన నీళ్ళన్నీ పారబోసి ఆరబెట్టే రోజు, పాటించమనేది ఈ లెక్క మీదే.

ఏకంగా ప్లేటే తీసేస్తే ఇంకా మంచిది. కుండీని మూడు ఇటుక ముక్కల మీద నిలబెట్టండి. అపార్టుమెంటు బాల్కనీలో నీళ్ళు కింది ఇంటి మీద పడతాయనుకుంటే, ప్లేటును అంచుదాకా ముతక ఇసుకతో నింపి దాని మీద కుండీ పెట్టండి. నీళ్ళు ఇసుకలోకి ఇంకిపోతాయి, పైన నిలవవు. ఇసుక కుంగితే మళ్ళీ పోయాలి.

ప్లేట్లు శుభ్రంగానే ఉన్నాయా? అయితే వీటిని చూడండి. రంగులేసి కుండీలుగా వాడే పాత టైర్లలో లోపలి అంచున నీళ్ళు నిలుస్తాయి. టైరు అడుగున నాలుగైదు చోట్ల బెజ్జాలు పెట్టాలి. సీసాలో పెంచే మనీప్లాంటుకు నాలుగు రోజులకోసారి నీళ్ళు మార్చి, వేళ్ళను కూడా కడిగి, సీసా మూతి చుట్టూ దూది కుక్కాలి. అరటి, చేమ మొక్కల ఆకుతొడిమల మొదట్లో వాననీళ్ళు నిలుస్తాయి. ఎండిన తొడిమలు కోసేసి, వారానికోసారి పైపుతో గట్టిగా కొట్టి ఆ నీళ్ళు కిందికి పోయేలా చేయండి. కలువ తొట్టిలో గప్పీ చేపలు అయిదారు వేస్తే దోమ పిల్లల్ని అవే తినేస్తాయి.

మొక్కలు గుబురుగా ఉన్నాయి, నీళ్ళు ఎక్కడా నిలవలేదు, అయినా కుడుతున్నాయి

వాసననూనె ఆకులోపల ఉంటుంది. ఆకు నలిగితేనే అది బయటికొస్తుంది. కదలకుండా నిలబడ్డ కుండీ నుంచి గాల్లో కలిసేది చాలా కొంచెం. దోమలు పోతాయని నర్సరీల్లో అమ్మే సిట్రోసా అనే వాసన జెరేనియంను 1990లలో కెనడాలో పరీక్షించి చూశారు. పక్కన మొక్క ఉన్నా మనుషుల మీద వాలే దోమలు తగ్గలేదు. మొక్కను పెంచితే సరిపోదు, దాన్ని వాడుకోవాలి.

నిమ్మగడ్డిని గుమ్మం దగ్గర, మెట్ల పక్కన, వస్తూ పోతూ చెయ్యో చీర కొంగో తగిలే చోట పెట్టండి. సాయంత్రం అయిదున్నర ఆరు మధ్య పది పన్నెండు ఆకులు కోసి, ముక్కలు చేసి, రోట్లో కచ్చాపచ్చాగా దంచి, కూర్చునే చోట పళ్ళెంలో పెట్టుకోండి. అరగంట, ముప్పావుగంట వాసన ఉంటుంది. తగ్గాక ఇంకోసారి నలపాలి. ఫ్యాను కూడా వేసుకోండి. దోమ బలహీనంగా ఎగురుతుంది, గాలికి ఎదురు రాలేదు. పైగా మన ఊపిరి వాసన దానికి అందకుండా చెదిరిపోతుంది.

ఏ వేళ కుడుతున్నాయో కూడా గమనించండి. కాళ్ళ మీద తెల్ల చారలున్న దోమ పొద్దున, పొద్దుగూకే ముందు కుడితే అది ఏడిస్. అది మీ ఇంట్లోనో పక్కింట్లోనో మంచినీళ్ళలో పుట్టిందే. రాత్రి చెవి దగ్గర జుయ్‌మంటూ నిద్ర చెడగొట్టేది ఎక్కువగా క్యూలెక్స్. అది మురుగులో, సెప్టిక్ ట్యాంకులో పుడుతుంది. దానికి తులసి కుండీతో పని జరగదు. మేడ మీదికి వెళ్ళి సెప్టిక్ ట్యాంకు గాలిగొట్టం చూడండి. మూతికి దోమవల లేకపోతే రెండు మడతలు వేసి తీగతో బిగించండి. ఇరవై రూపాయల వల ఇరవై మొక్కల పని చేస్తుంది.

కిటికీకి ఆనించి గుబురుగా పెంచడం మరో పొరపాటు. పగలు దోమలు చల్లని నీడ వెతుక్కుంటాయి, దుబ్బుల అడుగున దాక్కుంటాయి. కిటికీకి రెండడుగులైనా ఎడం ఇచ్చి, అడుగున ఎండిన ఆకు ఎప్పటికప్పుడు తీసేయండి.

నిమ్మగడ్డి నలిపినా వాసన రావట్లేదు

నీడ ఎక్కువై ఉండాలి, లేదా యూరియా ఎక్కువై ఉండాలి. రోజుకు అయిదారు గంటలు నేరుగా ఎండ పడకపోతే ఆకు పొడుగ్గా, మెత్తగా సాగుతుంది, నూనె పట్టదు. యూరియా వేసినా అంతే. ఎండలోకి మార్చి, రెండు నెలలకోసారి రెండు గుప్పిళ్ళ చివికిన పశువుల ఎరువు మాత్రం వేయండి.

దుబ్బు నడుమ ఎండి బోలుగా మారితే ముసలిదైందని అర్థం. తవ్వి, కత్తితో చీల్చి, వేళ్ళున్న పిలకల్ని రెండు మూడేసి చొప్పున, ఆకుల్ని జానెడు మిగిల్చి కోసి, 12 అంగుళాల కుండీలో నాటండి. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు ఎరువు కలిపితే నీళ్ళు నిలవవు. తొలకరిలో చేస్తే బాగా పట్టుకుంటుంది.

మీరు కొన్నది ఏ గడ్డో కూడా చూసుకోండి. టీలో వేసుకునే నిమ్మగడ్డి మొదలు తెల్లగా, లేతాకుపచ్చగా, ఉల్లికాడలా ఉబ్బి ఉంటుంది. దోమల నూనె తీసే సిట్రొనెల్లా మొదలు ఎర్రగా ఉంటుంది, వాసన ఘాటు. దోమలకు సిట్రొనెల్లాదే పైచెయ్యి. దాన్ని మాత్రం టీలో వేయకండి.

తులసి ఆకులు ముడుచుకుని బూడిదరంగు చుక్కలు పడుతున్నాయి

ఆకును తిప్పి అడుగు చూడండి. నల్లటి రెట్ట చుక్కలు, వాటి మధ్య వలలాంటి రెక్కలున్న బుల్లి పురుగులు కనిపిస్తే అవి రసం పీల్చేవి. బాగా ముడుచుకున్న కొమ్మలు కోసి సంచిలో కట్టి పారేయండి. 5 మి.లీ. వేపనూనెలో 1 మి.లీ. లిక్విడ్ సబ్బు ముందు బాగా కలిపి, తరవాత లీటరు నీళ్ళు పోసి, సాయంత్రం ఆకు అడుగున తడిసేలా కొట్టండి. నీళ్ళలో నేరుగా నూనె పోస్తే కలవదు, ఆకు మాడుతుంది. వారం ఆగి మళ్ళీ కొట్టాలి. అన్నాళ్ళూ ఆ ఆకు తీర్థంలోకి, కషాయంలోకి వాడొద్దు.

పురుగు లేకుండానే ఆకు చిన్నదై కొమ్మలు కట్టెల్లా మారితే, కంకులు తుంచలేదన్నమాట. విత్తనం పట్టిన తులసి కొత్త ఆకు తక్కువ వేస్తుంది. కంకి లేతగా ఉండగానే, దాని కింద రెండాకులతో కలిపి తుంచండి. పూజకు పెట్టుకున్న కోట తులసిని తుంచడం ఇష్టంలేకపోతే, కోసుకోవడానికి వేరే రెండు మొక్కలు పెట్టుకోండి.

బంతి ఎదుగుతోంది, పూలు లేవు. రోజ్‌మేరీ, లావెండర్ చచ్చిపోతున్నాయి

బంతికి ఎండ తక్కువైంది, లేదా ఎరువు ఎక్కువైంది. నాటిన నెలకు చిగురు తుంచితే పక్క కొమ్మలు వస్తాయి. ఎండాకాలం ఆకుల మీద సన్నటి సాలెగూడు లాంటిది కనిపిస్తే ఎర్రనల్లి; ఆకు అడుగున నీళ్ళు గట్టిగా చిమ్మండి.

రోజ్‌మేరీ, లావెండర్‌లకు కోస్తా ఉక్కపోత పడదు. మట్టికుండీలో సగానికి సగం ఇసుక కలిపి, వేలు రెండు అంగుళాలు దింపితే పొడిగా తగిలినప్పుడే నీళ్ళు పోస్తే కొన్నాళ్ళు నిలుస్తాయి. విజయవాడ, విశాఖ లాంటి చోట్ల ఆ డబ్బుతో వాము ఆకు పెట్టుకోండి, కొమ్మ గుచ్చితే బతుకుతుంది.

రాసుకుంటే మంట, పొగ వేస్తే దగ్గు

వాసననూనెను నేరుగా ఒంటికి రాస్తే చర్మం పొక్కవచ్చు. రెండు చెంచాల కొబ్బరినూనెలో సిట్రొనెల్లా నూనె అయిదు చుక్కలే వేసి, ముంజేతి మీద ఒక చోట రాసి ఒకరోజు ఆగి చూడండి. పడినా గంట గంటన్నరకు మించి పనిచేయదు. చంటిపిల్లలకు రాయొద్దు, వాళ్ళకు దోమతెరే.

వావిలాకు, వేపాకు పొగకు పచ్చి ఆకు వాడితే పొగ కమ్మేస్తుంది, కళ్ళు మండుతాయి. నీడన ఆరబెట్టిన ఆకు ఒక గుప్పెడు నిప్పుల మీద వేసి, మనుషులు బయటుండగా పావుగంట ఉంచి, కిటికీలు తెరిచి పొగ పోయాక దోమవల తలుపులు వేసుకోండి. ఆయాసం ఉన్నవాళ్ళు, పసిపిల్లలు ఉన్న ఇంట్లో అసలు పొగ వేయకండి.