విండోస్ మళ్లీ వేశాక వైఫై మాయమైతే

మా చెల్లి లాప్‌టాప్ మరీ నెమ్మదించిందని ఒక శనివారం రాత్రి డిస్క్ ఫార్మాట్ చేసి విండోస్ 10 కొత్తగా వేశాను. డెస్క్‌టాప్ వచ్చింది కానీ వైఫై గుర్తు లేదు, స్పీకర్ మీద ఎర్ర ఇంటూ, బ్రైట్‌నెస్ ఎంత నొక్కినా మారట్లేదు. సోమవారం తనకి ఆన్‌లైన్ పరీక్ష. మీకూ ఇలాగే జరిగితే టెన్షన్ పడకండి. పార్టులేవీ పాడవలేదు, వాటిని నడిపే చిన్న సాఫ్ట్‌వేర్లు, అంటే డ్రైవర్లు, లేవంతే.

ముందు నెట్ కావాలి. ఆండ్రాయిడ్ ఫోన్‌ని ఛార్జింగ్ కేబుల్‌తో లాప్‌టాప్‌కి కలిపి, హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ నెట్‌ని కేబుల్ ద్వారా లాప్‌టాప్‌కి ఇచ్చేది) ఆన్ చేయండి. చాలా ఫోన్లకి విండోస్‌లో వేరే డ్రైవర్ అక్కర్లేదు. ఆ తర్వాత విండోస్ అప్‌డేట్ నడిపి, రీస్టార్ట్ చేసి, ఆప్షనల్ అప్‌డేట్స్‌లో డ్రైవర్ అప్‌డేట్స్ కూడా చూడండి. విండోస్ 11లో ఇది అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ లోపల ఉంటుంది. చాలా లాప్‌టాప్‌లకి సగం పని ఇక్కడే అయిపోతుంది.

మిగిలినవాటి కోసం స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. పసుపు త్రికోణం ఉన్నవే డ్రైవర్ కోసం ఎదురుచూస్తున్నవి. తెరిచి చూస్తే సాధారణంగా కోడ్ 28 అని ఉంటుంది, అంటే డ్రైవర్ లేదని. ఒక్కటి మాత్రం జాగ్రత్త: డిస్‌ప్లే అడాప్టర్స్ కింద ‘మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్’ అని ఉంటే, త్రికోణం లేకపోయినా గ్రాఫిక్స్ డ్రైవర్ పడనట్టే. మా చెల్లి బ్రైట్‌నెస్ సమస్య అదే.

నా టైమంతా తిన్నది వైఫై. లాప్‌టాప్ కంపెనీ సైట్‌లో మోడల్ పేరు కొడితే మూడు వైఫై డ్రైవర్లు చూపించింది. ఒకే మోడల్‌లో వేర్వేరు బ్యాచ్‌లకి వేర్వేరు వైఫై కార్డులు పెడతారు మరి. మొదట ఉన్న ఇంటెల్‌ది వేశాను, ఏమీ మారలేదు. అప్పుడు చేయాల్సిన పని చేశాను. త్రికోణంతో ఉన్న ‘నెట్‌వర్క్ కంట్రోలర్’ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డీటెయిల్స్, అక్కడి జాబితాలో హార్డ్‌వేర్ ఐడీస్. పొడవాటి వరసలో ‘వెన్’ తర్వాత నాలుగు అక్షరాలు, ‘డెవ్’ తర్వాత నాలుగు. మొదటివి తయారీదారువి, రెండోవి ఆ పార్టువి. 8086 అంటే ఇంటెల్, 10ఈసీ అంటే రియల్‌టెక్, 14సీ3 మీడియాటెక్, 10డీఈ ఎన్విడియా, 1002 ఏఎండీ. నాకు కనిపించినవి 10ఈసీ, సీ821. అంటే రియల్‌టెక్ 8821సీఈ కార్డు. ఆ డ్రైవర్ వేసిన నిమిషంలో చుట్టుపక్కల వైఫై పేర్లన్నీ వరసగా వచ్చాయి. మోడల్ పేరు కన్నా ఈ ఎనిమిది అక్షరాలనే నమ్మండి.

సైట్‌లో వెతికేటప్పుడు కూడా మోడల్ కాకుండా లాప్‌టాప్ అడుగున ఉన్న సీరియల్ నంబర్ కొట్టండి. ముందు చిప్‌సెట్ (మదర్‌బోర్డు మీది ప్రధాన చిప్‌ల) డ్రైవర్ వేసి రీస్టార్ట్ చేయండి, ఆ తర్వాతే గ్రాఫిక్స్, ఆడియో. ‘ఎస్ఎం బస్ కంట్రోలర్’ లాంటి అర్థంకాని పేర్లు చిప్‌సెట్‌తోనే పోతాయి. ఇంటెల్ లాప్‌టాప్‌లో టచ్‌ప్యాడ్ కదలకపోతే టచ్‌ప్యాడ్ డ్రైవర్ కన్నా ముందు ‘సీరియల్ ఐఓ’ డ్రైవర్ వేసి చూడండి. డౌన్‌లోడ్‌లో సెటప్ ఫైల్ లేకపోతే జిప్ విప్పి, డివైస్ మేనేజర్‌లో ఆ పార్టు మీద రైట్ క్లిక్ చేసి, అప్‌డేట్ డ్రైవర్‌లో ‘బ్రౌజ్ మై కంప్యూటర్’ నొక్కి ఆ ఫోల్డర్ చూపిస్తే చాలు.

అన్ని డ్రైవర్లూ ఒక్క క్లిక్‌తో వేస్తామనే ఉచిత సాఫ్ట్‌వేర్ల జోలికి మాత్రం దయచేసి వెళ్లకండి. తప్పు డ్రైవర్ పడితే ఏది ఎక్కడ చెడిందో వెతకడం ఇంకా కష్టం.

ఫార్మాట్ చేయకుండా విండోస్ వేసినవాళ్లు సీ డ్రైవ్‌లో ‘విండోస్ డాట్ ఓల్డ్’ ఫోల్డర్ ఉందేమో చూడండి. అందులో విండోస్, సిస్టమ్32, డ్రైవర్‌స్టోర్, ఫైల్‌రిపాజిటరీ వరకూ వెళ్తే పాత డ్రైవర్లన్నీ అక్కడే ఉంటాయి. ‘బ్రౌజ్ మై కంప్యూటర్’కి ఆ ఫోల్డర్ చూపించి, సబ్‌ఫోల్డర్స్ టిక్ ఉంచండి. ఇంకా ఫార్మాట్ చేయనివాళ్లు ఇప్పుడే ఆ ఫైల్‌రిపాజిటరీని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. మా చెల్లి లాప్‌టాప్‌ది ఆదివారం రాత్రే కాపీ చేసి, పెన్‌డ్రైవ్ దాని బ్యాగ్‌లోనే పెట్టాను.