విరేచనాలతో నీరసించిన బిడ్డను చెంచాతో బతికించుకోవడం ఎలా?

మా నాయనమ్మ తొమ్మిది మందిని కంది. ఆరుగురే దక్కారు. పోయిన ముగ్గురిలో ఇద్దరిని తీసుకెళ్లింది వాంతులూ విరేచనాలే. "దాహం దాహం అని ఏడ్చాడమ్మా. నీళ్లు పడితే ఇంకా పోతాయన్నారు, నాలుక తడిపి ఊరుకున్నాను" అని ఎనభై ఏళ్లు దాటాక కూడా చెప్పుకుని కుమిలిపోయేది. అందులో ఆమె తప్పేమీ లేదు. ఆ రోజుల్లో ఊళ్లో అందరూ అదే చెప్పేవాళ్లు.

ఇప్పుడు ఏం చేయాలో తెలుసు. అయినా ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా 4 లక్షల మందికి పైగా ఐదేళ్లలోపు పిల్లలు విరేచనాల జబ్బులతో చనిపోతున్నారు. డాక్టరు దూరం, మురికినీళ్లు దగ్గర అయిన చోటే ఈ చావులు ఎక్కువ: శరణార్థి శిబిరాలు, వరద ముంచిన ఊళ్లు, ఇటుక బట్టీల పక్కన వేసుకున్న గుడిసెలు. అలాంటి చోట కూడా తల్లి చేతిలో ఉండే మందు ఓఆర్ఎస్, అంటే నోటితో తాగించే ఉప్పు, చక్కెర నీళ్లు. దాని గురించే ఈ వ్యాసం.

ఆ మందు సత్తా లోకానికి తెలిసింది కూడా ఒక శిబిరంలోనే. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి లక్షలాది మంది సరిహద్దు దాటి పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ వైపు వచ్చారు. వెనకే కలరా వచ్చింది. ఆసుపత్రిలో మంచాలు చాలక రోగులు నేల మీదే పడి ఉన్నారు, సెలైన్ సీసాలు అయిపోతున్నాయి. డాక్టర్ దిలీప్ మహలనోబిస్ బృందం కలకత్తాలో గ్లూకోజు, ఉప్పు, వంటసోడా తూకం వేసి సంచుల్లో కట్టించింది. లీటరు నీళ్లకు 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల సోడా. ఖర్చు 11 పైసలు. కుళాయి బిగించిన డ్రమ్ముల్లో కలిపి పెడితే, రోగుల బంధువులే గ్లాసులతో పట్టుకుని తాగించారు. అంతకుముందు నూటికి 30 మంది దాకా పోతుంటే, ఈ నీళ్లు తాగినవాళ్లలో చావులు నాలుగులోపుకు దిగాయి. తాగించినవాళ్లు నర్సులు కాదు, తల్లులూ తోబుట్టువులూ. నాకు ఈ కథలో అన్నిటికంటే పెద్ద సంగతి అదే.

ముందు బిడ్డను చూడండి

బిడ్డకు ఎన్నిసార్లు అయిందన్న లెక్క కంటే ఒంట్లో నీరు ఎంత తగ్గిందన్నదే ముఖ్యం. కళ్లు లోపలికి పోయాయా? ఏడిస్తే కన్నీళ్లు వస్తున్నాయా? నోరు ఎండిందా? నెలల పిల్లలైతే మాడు గుంటపడిందా? మూత్రం పోసి ఎంతసేపైంది?

తర్వాత బొడ్డుకూ డొక్కకూ మధ్య చర్మాన్ని రెండు వేళ్లతో మడతలా పట్టుకుని వదలండి. టక్కున సర్దుకుంటే మంచిది. మెల్లగా సర్దుకుంటే నీరు తగ్గినట్టు. రెండు సెకన్లు దాటినా మడత అలాగే నిలబడితే పరిస్థితి చేయి దాటుతున్నట్టు.

ఇవి కనిపిస్తే 108కి ఫోన్ చేయండి, లేదా దొరికిన బండిలో ఆసుపత్రికి తీసుకెళ్లండి: బిడ్డ మత్తుగా పడి ఉండటం, పిలిస్తే పలకకపోవడం, తాగలేకపోవడం, తాగిందంతా కక్కేయడం, మలంలో రక్తం, ఫిట్స్, ఎక్కువ జ్వరం. రెండు నెలలు నిండని పసికందైతే ఏ గుర్తు కోసమూ ఆగొద్దు. మెలకువగా ఉండి మింగగలిగే బిడ్డకైతే దారి పొడుగునా చెంచాతో పడుతూనే ఉండండి, తల్లిపాలు ఆపొద్దు.

బక్కచిక్కిన పిల్లల సంగతి వేరు. తిండి సరిగా అందక ఒళ్లు కరిగిపోయిన బిడ్డకు చర్మం మడత మామూలుగానే నిలబడుతుంది, ఆ పరీక్ష మోసం చేస్తుంది. అంగన్‌వాడీలో దండచేతికి చుట్టే రంగుల టేపు ఉంటుంది. ఆరు నెలలు దాటిన బిడ్డకు కొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ వచ్చినా, పాదాలు వాచినా ఇంట్లో వైద్యం వద్దు. వాళ్లకు ఇచ్చే ద్రావణం, మోతాదు రెండూ వేరు.

ఓఆర్ఎస్ కలపడం

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే, అందుకే నెమ్మదిగా చదవండి.

పొట్లం మీద ఎన్ని నీళ్లకో రాసి ఉంటుంది. పెద్ద పొట్లం లీటరుకు, చిన్నది 200 మిల్లీలీటర్లకు. లీటరు పొట్లాన్ని సగం చించి గ్లాసుడు నీళ్లలో కలిపేవాళ్లను నేను చాలామందిని చూశాను. "చిక్కగా ఉంటే బలం కదా" అంటారు. కాదు. చిక్కనైతే ఉప్పు ఎక్కువై బిడ్డకు ముప్పు, పలచనైతే పనిచేయదు. ఖాళీ లీటరు వాటర్ బాటిల్ ఒకటి కడిగి ఇంట్లో ఉంచుకోండి, కొలతకు అంతకంటే మంచి సాధనం లేదు.

చేతులు సబ్బుతో కడుక్కోండి. కాచి చల్లార్చిన నీళ్లు లీటరు కొలిచి పోయండి. పొట్లం మొత్తం ఒకేసారి వేసి కరిగేదాకా కలపండి. కలిపాక మళ్లీ మరిగించొద్దు. పంచదార, పాలు, పండ్లరసం ఏదీ చేర్చొద్దు. మూత పెట్టి ఉంచండి, 24 గంటలు దాటితే మిగిలింది పారబోసి కొత్తది కలపండి.

పొట్లం దొరకలేదా? లీటరు నీళ్లకు తల కొట్టిన ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, కూరలు వడ్డించే గరిటె కాదు. కలిపాక మీరు రుచి చూడండి. కన్నీళ్ల కంటే ఉప్పగా ఉంటే పారబోసి మళ్లీ కలపండి.

ఇందులో ఉన్న కిటుకు ఇది. విరేచనాలప్పుడు పేగు నీళ్లను వదిలేస్తుంది, ఒట్టి నీళ్లు తాగిస్తే సరిగా పీల్చుకోలేదు. కానీ గ్లూకోజు, ఉప్పులో ఉండే సోడియం జంటగా వస్తే వాటిని లోపలికి తీసుకునే దారి ఒకటి కలరాలో కూడా మూసుకుపోదు. అవి వెళ్తే నీరూ వాటి వెంటే వెళ్తుంది. జంట కుదరాలంటే కొలత కుదరాలి. ఇప్పుడు వాడే పొట్లంలో లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములే. అందుకే తియ్యటి పానీయాలతో పని జరగదు, ఎక్కువైన చక్కెర పేగులోకి ఇంకా నీరు లాగి విరేచనాలు పెంచుతుంది. కొన్ని కంపెనీలు అలాంటి పానీయాలకే పేరులో ఓఆర్ఎస్ అని తగిలించి మందుల షాపుల్లో అమ్ముతూ వచ్చాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలా పేరు పెట్టడం కుదరదని ఆదేశించింది. షాపులో అట్టపెట్టె డబ్బా చేతికిస్తే వద్దనండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం చేసిన పొడి పొట్లమే అడగండి.

తాగించడం

బిడ్డలో నీరు తగ్గిన గుర్తులు ఇంకా లేకపోతే, విరేచనం అయిన ప్రతిసారీ రెండేళ్లలోపు వాళ్లకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంతకంటే పెద్ద పిల్లలకు 100 నుంచి 200.

కళ్లు లోపలికి పోయి, ఆబగా తాగుతూ, చర్మం మెల్లగా సర్దుకుంటుంటే కిలో బరువుకు 75 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటల్లో పట్టాలి. వీలుంటే ఇది ఆరోగ్య కేంద్రంలో, అక్కడి సిబ్బంది కళ్ల ముందు జరగడమే మేలు. ఎనిమిది కిలోల బిడ్డను తీసుకోండి. 600 మిల్లీలీటర్లు, అంటే గంటకు 150. చెంచాకు ఐదు లెక్కన గంటకు ముప్పై చెంచాలు, రెండు నిమిషాలకు ఒకటి. నాలుగు గంటల పాటు! ఒక మనిషి వల్ల అయ్యే పని కాదు. తండ్రి, మేనత్త, పక్కింటి అమ్మాయి వంతులేసుకుని కూర్చోవాలి. బిడ్డను కాస్త తల ఎత్తి ఒళ్లో పెట్టుకుని చెంచాను కింది పెదవికి ఆనించి పోయండి. ఉగ్గుగిన్నె ఉంటే అదీ పనికొస్తుంది. పాలసీసా వద్దు, దాన్ని శుభ్రంగా ఉంచడం కష్టం.

కక్కేస్తే కంగారు పడొద్దు. పది నిమిషాలు ఆగి, ఈసారి ఇంకా నెమ్మదిగా, రెండు మూడు నిమిషాలకు ఒక చెంచా పట్టండి. చాలా మంది ఇక్కడే చేతులెత్తేస్తారు. కక్కినా కొంత లోపల నిలుస్తుంది.

ఇంకో సంగతి. ఓఆర్ఎస్ తాగగానే విరేచనాలు ఆగవు, అది ఆపే మందు కాదు, పోయిన నీటిని పూడ్చే మందు. "రాత్రి నుంచి పడుతున్నాం, ఇంకా పోతూనే ఉంది" అని మానేయొద్దు. బిడ్డ కళ్లు తేటపడుతున్నాయా, మూత్రం వస్తోందా, అది చూడండి. కట్టేసే బిళ్లలు చిన్నపిల్లలకు వేయొద్దు. యాంటీబయాటిక్ డాక్టరు చెబితేనే.

తిండీ, జింకూ

తల్లిపాలు ఇంకా ఎక్కువసార్లు ఇవ్వండి. ఆరు నెలలు దాటిన బిడ్డకు మెత్తటి పప్పన్నం, ఉప్పు వేసిన గంజి, మజ్జిగ, అరటిపండు కొంచెం కొంచెంగా. కడుపు మాడిస్తే పేగు కోలుకోదు. పళ్లు వస్తున్నాయని, దిష్టి తగిలిందని పెద్దవాళ్లు అంటే వాళ్లతో గొడవ ఎందుకు, దిష్టి తీయనివ్వండి, చెంచా మాత్రం ఆపొద్దు.

జింకు బిళ్ల ఆరు నెలలు దాటితే రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల వాళ్లకు 10, మొత్తం 14 రోజులు. విరేచనాలు మూడో రోజు తగ్గినా పద్నాలుగూ వేయాలి.

అడిగి తీసుకోవడం

ఓఆర్ఎస్, జింకు ఆశా కార్యకర్త దగ్గర, ఉపకేంద్రంలో ఉచితంగా దొరకాలి. వానాకాలం రాకముందే రెండు పొట్లాలు తెచ్చి ఇంట్లో పెట్టుకోండి. వేరే రాష్ట్రం నుంచి పని కోసం వచ్చిన కుటుంబమని ఎవరైనా పక్కన పెడితే మీరు వెంట వెళ్లి అడగండి. బాలల హక్కుల ఒడంబడికను ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించింది, మన దేశం 1992లో చేరింది. అందులో 24వ అధికరణం పిల్లలకు వైద్యంతో పాటు శుభ్రమైన తాగునీటి గురించి చెబుతుంది. పిల్లల ఆరోగ్యం గురించి తల్లిదండ్రులకు తెలియజెప్పడం కూడా ప్రభుత్వాల పూచీ అంటుంది. రోటావైరస్ టీకా కూడా అడగండి, 6, 10, 14 వారాలకు ఉచితంగా వేస్తారు. 2016లో ఆ టీకా మొదలుపెట్టిన తొలి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ఇంకో తల్లికి నేర్పడం

దీనికి బంగ్లాదేశ్ మంచి దారి చూపింది. 1980 నుంచి పదేళ్ల పాటు బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి కోటికి పైగా ఇళ్లలో మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు (దాదాపు అర లీటరు) నీళ్లు కలపడం నేర్పారు. ఎన్ని ఇళ్లు తిరిగారన్న లెక్కతో వాళ్లకు జీతం కట్టలేదు. కొన్నాళ్లకు వేరేవాళ్లు వెళ్లి కొన్ని ఇళ్లలో తల్లులను అడిగేవారు, కలిపి చూపించమనేవారు. తల్లికి ఎంత గుర్తుంటే నేర్పినవాళ్లకు అంత డబ్బు.

మీరూ అలాగే చేయండి. చెప్పి వచ్చేయొద్దు. పక్కింటి తల్లి చేతికే చెంచా ఇచ్చి, ఆమె కొలిచి, ఆమె కలిపి, ఆమె రుచి చూసేదాకా కూర్చోండి. నెల పోయాక ఆ దారిన వెళ్లినప్పుడు ఆగి అడగండి: "అమ్మాయ్, లీటరుకు ఉప్పెంత, పంచదారెంత?"