మొదటి కారుకు రోడ్డు సహాయ పథకం: డబ్బు కట్టే ముందు

• ముందు బీమా పత్రం, వారంటీ పుస్తకం తిరగేయండి. దారిలో కారు ఆగిపోతే వచ్చి బాగుచేసే, లేదా లాక్కెళ్లే ఈ సహాయం అందులోనే ఉండవచ్చు. ఉన్నదానికే మళ్లీ కట్టడం దండగ.

• కారును ఎంత దూరం ఉచితంగా లాక్కెళతారు? అసలు మెలిక ఇక్కడే. పరిమితి దాటితే కిలోమీటరుకు ఇంత అని వసూలు చేస్తారు. దగ్గరి గ్యారేజీకే చేరుస్తారా, మీరు చెప్పిన చోటికా? ఆటోమేటిక్, విద్యుత్ కార్లను చక్రాలు దొర్లేలా లాగితే గేర్‌బాక్సో మోటారో దెబ్బతినవచ్చు. కారును మొత్తంగా ఎక్కించుకునే ఫ్లాట్‌బెడ్ బండి పంపుతారో లేదో రాతపూర్వకంగా తేల్చుకోండి, నోటిమాట చాలదు.

• ఇంటి ముందే బ్యాటరీ చచ్చిపోతే వస్తారా? కొన్ని పథకాల్లో దీనికి విడిగా కట్టాలి.

• పథకం వర్తించేది కారుకా, మనిషికా? ఇతరుల కార్లు నడిపేవారు తప్పక అడగాలి.

• ఏడాదికి ఎన్నిసార్లు సహాయానికి పిలవవచ్చు, పథకం ఎప్పటి నుంచి అమలు? ఇవీ అడగండి.

• సహాయ నంబరు కాగితం మీద రాసి కారులో ఉంచండి. ఫోను ఛార్జింగ్ అయిపోవడానికి ముహూర్తం చూసుకోదు.