ఆసియా క్రీడల జీకే: బట్టీ పట్టకుండా గుర్తుండేలా చదవడం ఎలా?

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దున్నే సీటు దొరకడం కష్టం. గ్రూప్స్ నోటిఫికేషన్ పడిందంటే ఇంకా కష్టం. అక్కడ ఎవరి నోట్సు తెరిచినా క్రీడల పేజీ దాదాపు ఒకేలా ఉంటుంది. ఎడమవైపు సంవత్సరాలు, కుడివైపు నగరాలు, మధ్యలో ఒక గీత. నేనూ అలాగే రాసుకున్నాను, అలాగే బట్టీ పట్టాను. ఒక మోడల్ టెస్టులో చైనాలోని హాంగ్‌జౌ ఆసియా క్రీడలు ఏ సంవత్సరంలో జరిగాయి అని అడిగితే, క్షణం ఆలోచించకుండా 2022 పెట్టేశాను. జరిగింది 2023లో. పట్టిక నోటికి వచ్చు కానీ, అందులో ఏ వరస ఎందుకు అలా ఉందో నాకు తెలియదు. ప్రశ్న అడిగేవాళ్లు సరిగ్గా అక్కడే పట్టుకుంటారు.

ఆ తర్వాత పద్ధతి మార్చుకున్నాను. లైబ్రరీలో తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పేదే ఇక్కడ వరసగా రాస్తున్నాను. ఒక తెల్ల కాగితం, ఒక పెన్ను, ఒక పెన్సిల్ దగ్గర పెట్టుకోండి. రెండు సాయంత్రాలు చాలు.

మొదటి మెట్టు: పట్టిక పక్కన పెట్టి లెక్క నేర్చుకోండి

తొలి ఆసియా క్రీడలు 1951లో న్యూఢిల్లీలో జరిగాయి. రెండోవి 1954లో మనీలాలో. అక్కడి నుంచి ప్రతి నాలుగేళ్లకూ ఒకసారి. కాబట్టి ఏ సంవత్సరమైనా ఇచ్చి అది ఎన్నోసారి అని అడిగితే, అందులోంచి 1954 తీసేయండి, వచ్చినదాన్ని 4తో భాగించండి, 2 కలపండి. 1982 తీసుకుంటే తేడా 28, భాగిస్తే 7, రెండు కలిపితే 9. ఢిల్లీలో జరిగింది తొమ్మిదో ఆసియా క్రీడలే. 2026కు చేస్తే 20 వస్తుంది. జపాన్‌లోని ఐచి-నగోయావి ఇరవయ్యోవి. ఈ లెక్క వస్తే ఇరవై అంకెలు మోసే బరువు తగ్గిపోతుంది.

ఒక్క జాగ్రత్త. ఈ లెక్కకు లొంగనివి రెండే. ఒకటి మొదటిది, 1951. దాన్ని 1950లోనే జరపాలనుకున్నారు, ఏర్పాట్లు ఆలస్యమై 1951 మార్చికి వెళ్లింది. రెండోది హాంగ్‌జౌ. కోవిడ్ వల్ల ఏడాది వాయిదా పడి 2023 సెప్టెంబర్ 23 నుంచి అక్టోబర్ 8 వరకు జరిగింది. పేరు మాత్రం 2022 క్రీడలుగానే ఉంచారు. ప్రశ్నలో "జరిగిన సంవత్సరం" అని ఉందా, "2022 క్రీడలు" అని ఉందా అన్నది రెండుసార్లు చదవండి. నా మార్కు పోయింది అక్కడే.

రెండో మెట్టు: చేతులు మారిన నగరాలను కథలుగా గుర్తుపెట్టుకోండి

అన్ని నగరాలూ ఒకే బరువున్న ప్రశ్నలు కావు. 2002లో బుసాన్, 2006లో దోహా, 2010లో గ్వాంగ్‌జౌ, 2014లో ఇంచియాన్. ఈ నాలుగూ ఒక్క చూపులో చదివేసి ముందుకు వెళ్లిపోవచ్చు. ఆగాల్సింది బ్యాంకాక్ దగ్గర. ఆసియా క్రీడలను ఎక్కువసార్లు, అంటే నాలుగుసార్లు, నిర్వహించిన నగరం అదే: 1966, 1970, 1978, 1998. వరసగా 1966, 1970 ఒకే ఊరికి ఎలా వచ్చాయి? 1970 క్రీడలు అసలు సియోల్‌కు ఇచ్చారు. ఉత్తర కొరియా వైపు నుంచి భద్రతా భయం, పైగా ఖర్చు, దాంతో సియోల్ వదులుకుంది. బ్యాంకాక్ ముందుకొచ్చింది. 1978 క్రీడలు పాకిస్తాన్ చేయాల్సినవి, వాళ్లూ తప్పుకున్నారు, మళ్లీ బ్యాంకాకే ఆదుకుంది. ఈ రెండు ముక్కలు తెలిస్తే నాలుగు సంవత్సరాలు వాటంతట అవే కుదురుకుంటాయి.

ఇదే వరసలో 2018 కూడా. ముందు వియత్నాం రాజధాని హనోయ్‌కి ఇచ్చారు, ఖర్చు భరించలేమని 2014లో వదులుకుంది. ఇండోనేషియా తీసుకుని జకార్తా, పాలెంబాంగ్ రెండు నగరాల్లో జరిపింది. నిజానికి వాటిని 2019లో జరపాలని అనుకున్నారు. ఆ ఏడాది ఇండోనేషియాలో అధ్యక్ష ఎన్నికలు ఉండటంతో 2018కి తెచ్చారు.

హిరోషిమా పక్కన కూడా ఒక చుక్క పెట్టండి. 1994లో దేశ రాజధాని కాని నగరంలో ఈ క్రీడలు జరగడం అదే మొదటిసారి. జపాన్‌కు 1958 టోక్యో, 1994 హిరోషిమా తర్వాత ఐచి-నగోయా మూడోది. ఆ తర్వాతి రెండూ ఇప్పటికే ఖరారయ్యాయి, 2030 దోహా, 2034 రియాద్.

మూడో మెట్టు: పుట్టుక, సంస్థ

ఇది పొట్టిగా ముగించవచ్చు. భారత క్రీడా నిర్వాహకుడు గురుదత్ సోంధీ చొరవతో ఈ పోటీలు మొదలయ్యాయి. 1951లో 11 దేశాలు, 489 మంది క్రీడాకారులు, ఆరు క్రీడలు. మనకు తొలి స్వర్ణం తెచ్చింది ఈతగాడు సచిన్ నాగ్, 100 మీటర్ల ఫ్రీస్టైల్‌లో. ఆ ఏడాది జపాన్ మొదటి స్థానం, మనం రెండో స్థానం. 1978 వరకు ఏషియన్ గేమ్స్ ఫెడరేషన్ నిర్వహించింది, 1982 నుంచి ఒలింపిక్ కౌన్సిల్ ఆఫ్ ఆసియా. దాని ప్రధాన కార్యాలయం కువైట్‌లో ఉంది. పతకాల పట్టికలో కూడా 1982 ఒక మలుపు. 1978 దాకా ప్రతిసారీ జపాన్ అగ్రస్థానం, 1982 నుంచి ప్రతిసారీ చైనా. ఒకే ఏడాదికి రెండు మార్పులు అతుక్కుని ఉన్నాయి కాబట్టి ఇది మర్చిపోవడం కష్టం. ఆ క్రీడల మస్కట్ అప్పు అనే ఏనుగు పిల్ల. మన దేశంలో కలర్ టీవీ ప్రసారాలు మొదలైంది కూడా 1982లోనే.

నాలుగో మెట్టు: మనవాళ్లను ఆధారం చేసుకోండి

నాకు అన్నింటికన్నా పనికొచ్చింది ఇదే, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటాను. ఊరూ పేరూ తెలిసిన మనిషి చుట్టూ అల్లుకున్న సంగతి పరీక్ష హాల్లో టెన్షన్‌లో కూడా గుర్తొస్తుంది.

హైదరాబాద్ నుంచే మొదలుపెట్టండి. ఫుట్‌బాల్‌లో భారత్‌కు ఆసియా క్రీడల స్వర్ణాలు రెండే, 1951 న్యూఢిల్లీ, 1962 జకార్తా. రెండుసార్లూ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దినది ఆయనే. 1962 ఫైనల్లో దక్షిణ కొరియాపై 2-1తో గెలిచాం, గోల్స్ పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చేశారు. ఆ జట్టులో సికింద్రాబాద్‌కు చెందిన తులసీదాస్ బలరాం, హైదరాబాద్ ఆటగాడు యూసుఫ్ ఖాన్ ఉన్నారు. మరుసటి ఏడాదే క్యాన్సర్‌తో రహీం కన్నుమూశారు. ఈ నగరంలో కూర్చుని చదువుతూ ఆయన పేరు తెలియకపోవడం నాకు ఇప్పటికీ బాధగా అనిపిస్తుంది, పరీక్ష సంగతి పక్కనపెట్టినా.

తర్వాత సానియా మీర్జా. టెన్నిస్ మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం రెండుసార్లు, 2006 దోహాలో లియాండర్ పేస్‌తో, 2014 ఇంచియాన్‌లో విశాఖ కుర్రాడు సాకేత్ మైనేనితో. కోనేరు హంపి 2006లోనే చదరంగంలో రెండు స్వర్ణాలు తెచ్చింది. కరణం మల్లీశ్వరి వెయిట్‌లిఫ్టింగ్‌లో 1994, 1998 రెండింటిలోనూ రజతం గెలిచింది. సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆమెది కాంస్యం, దీన్ని దానితో కలపకండి.

ఇప్పుడు హాంగ్‌జౌ. దీని కోసం కాగితంలో సగం వదలండి. హైదరాబాద్ షూటర్ ఈషా సింగ్ ఒక స్వర్ణం, మూడు రజతాలతో నాలుగు పతకాలు తెచ్చింది. ఇక్కడివాడే కైనన్ చెనాయ్ ట్రాప్ షూటింగ్‌లో (గాల్లోకి ఎగిరే మట్టి పళ్లేలను కాల్చే పోటీ) టీమ్ స్వర్ణం, వ్యక్తిగత కాంస్యం గెలిచాడు. విజయవాడ ఆర్చర్ వెన్నం జ్యోతి సురేఖ కాంపౌండ్ విల్లు విభాగంలో మూడు స్వర్ణాలు పట్టేసింది: వ్యక్తిగతం, మహిళల టీమ్, మిక్స్‌డ్ టీమ్. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజికి 100 మీటర్ల హర్డిల్స్‌లో రజతం, తెలంగాణ అమ్మాయి అగసర నందినికి ఏడు అంశాలుండే హెప్టథ్లాన్‌లో కాంస్యం. అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్, చిరాగ్ శెట్టితో కలిసి పురుషుల డబుల్స్ గెలిచాడు. ఆసియా క్రీడల బ్యాడ్మింటన్‌లో భారత్‌కు అదే తొలి స్వర్ణం. నిజామాబాద్ నిఖత్ జరీన్‌కు బాక్సింగ్‌లో కాంస్యం. క్రికెట్‌లో భారత జట్లు ఆడటం అదే మొదటిసారి, పురుషులు, మహిళలు ఇద్దరూ స్వర్ణం గెలిచారు. పురుషుల జట్టులో మన తిలక్ వర్మ ఉన్నాడు.

ఒక్కో పేరు ఎదురుగా ఆట, పతకం, ఊరు, ఈ మూడూ రాయండి. జతపరచండి అనే ప్రశ్నలు తయారయ్యేది ఈ మూడింటితోనే.

ఐదో మెట్టు: పక్కింటి క్రీడలతో కలగాపులగం కాకుండా చూసుకోండి

కామన్వెల్త్ క్రీడలు కూడా ఆసియా క్రీడల సంవత్సరాల్లోనే వస్తాయి. గందరగోళం అందుకే. 2022లో కామన్వెల్త్ బర్మింగ్‌హామ్‌లో, 2026లో గ్లాస్గోలో, 2030లో అహ్మదాబాద్‌లో. నిఖత్ జరీన్‌ది బర్మింగ్‌హామ్‌లో స్వర్ణం, హాంగ్‌జౌలో కాంస్యం. పి.వి. సింధుది బర్మింగ్‌హామ్‌లో సింగిల్స్ స్వర్ణం, ఆసియా క్రీడల్లో 2018 జకార్తాలో రజతం. సాత్విక్, చిరాగ్ జోడీకి రెండు చోట్లా స్వర్ణమే. ఈ మూడు వాక్యాలు పక్కపక్కన రాసి, రోజుకొకసారి వారం పాటు చదవండి.

భారత్ పతకాల సెంచరీ కూడా ఇలాంటిదే. 2010 ఢిల్లీ కామన్వెల్త్‌లో 101, హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 107. ఆసియా క్రీడల్లో వంద దాటడం అదే తొలిసారి అని చెబితే సరైన వాక్యం, ఏ పెద్ద పోటీలోనైనా తొలిసారి అంటే తప్పు.

హైదరాబాద్‌లోనే జరిగిన రెండు అంతర్జాతీయ పోటీలు చాలామంది నోట్సులో కనిపించవు. 2003 అక్టోబర్ 24 నుంచి నవంబర్ 1 వరకు ఆఫ్రో-ఏషియన్ క్రీడలు ఇక్కడ జరిగాయి. ఆ పేరుతో జరిగినవి అవి ఒక్కటే. 2007 అక్టోబర్‌లో నాలుగో ప్రపంచ మిలిటరీ క్రీడలు కూడా హైదరాబాద్‌లోనే, సెయిలింగ్ మాత్రం సముద్రం ఉన్న ముంబైలో. గచ్చిబౌలి వైపు వెళ్లినప్పుడు బాలయోగి స్టేడియం కనిపిస్తుంది కదా, ఈసారి దాన్ని చూస్తూ ఈ రెండు సంవత్సరాలూ అనుకోండి.

ఆరో మెట్టు: ఆటల వారీగా మూడు గీతలు

అన్ని ఆటలూ చదవడం కుదరదు. కబడ్డీ, హాకీ, అథ్లెటిక్స్ చాలు. కబడ్డీ 1990 బీజింగ్‌లో ప్రవేశించింది. ఆ ఏడాది భారత్‌కు వచ్చిన ఏకైక స్వర్ణం అదే. పురుషుల జట్టు 2014 దాకా వరసగా గెలిచింది, 2018లో సెమీస్‌లో ఇరాన్ చేతిలో ఓడి కాంస్యంతో సరిపెట్టుకుంది, హాంగ్‌జౌలో మళ్లీ గెలిచింది. మహిళల కబడ్డీ 2010 నుంచి. పురుషుల హాకీ స్వర్ణాలు నాలుగు: 1966, 1998, 2014, హాంగ్‌జౌ. అథ్లెటిక్స్‌లో, ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన తొలి భారత మహిళ కమల్జీత్ సంధు, 1970, 400 మీటర్లు. 1986 సియోల్‌లో భారత్‌కు మొత్తం 5 స్వర్ణాలు వస్తే అందులో 4 పి.టి. ఉషవే. ఐదోది కుస్తీలో కర్తార్ సింగ్‌ది. జావెలిన్ త్రోలో నీరజ్ చోప్రా 2018లోనూ, హాంగ్‌జౌలోనూ స్వర్ణం గెలిచాడు.

ఏడో మెట్టు: పతకాల సంఖ్యలు పెన్సిల్‌తో రాయండి

పోటీలు ముగిసేనాటికి హాంగ్‌జౌలో 28 స్వర్ణాలు, 38 రజతాలు, 41 కాంస్యాలు, మొత్తం 107, నాలుగో స్థానం. ఇవి కచ్చితంగా రావాలి. 2018 దగ్గరికొస్తే కోఠీలోనో, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదనో కొన్న పాత పుస్తకంలో 15 స్వర్ణాలు, మొత్తం 69 అని ఉంటుంది. ముద్రణ తప్పేమీ కాదు, అప్పటికి అదే నిజం. తర్వాత బహ్రెయిన్ క్రీడాకారిణి ఒకరు డోపింగ్‌లో దొరికారు. దాంతో 4×400 మిక్స్‌డ్ రిలేలో మన రజతం స్వర్ణమైంది, 400 మీటర్ల హర్డిల్స్‌లో అను రాఘవన్‌కు కాంస్యం దక్కింది. ఇప్పుడు లెక్క 16 స్వర్ణాలు, మొత్తం 70. పుస్తకం కొనేటప్పుడు ఈ ఒక్క అంకె తీసి చూడండి, అది ఎప్పటి సమాచారమో తెలిసిపోతుంది.

చివరిగా, కాగితం మడిచి పెట్టి, మీరే పది వాక్యాలు రాయండి. ఐదు నిజం, ఐదు కొద్దిగా చెడగొట్టినవి. "1970 క్రీడలు మొదట సియోల్‌కు కేటాయించారు", "1962 ఫుట్‌బాల్ ఫైనల్లో భారత్ జపాన్‌పై గెలిచింది", ఇలా. మీ పక్కన చదువుకునే వాళ్లతో కాగితాలు మార్చుకుని దిద్దుకోండి. చెడగొట్టాలంటే అసలు సంగతి బాగా తెలిసి ఉండాలి కాబట్టి, రాసేటప్పుడే సగం చదువు అయిపోతుంది.

కాగితం అడుగున ఐచి-నగోయా పేరుతో ఒక గడి గీసి పెట్టుకోండి. షెడ్యూల్ ప్రకారం 2026 సెప్టెంబర్ 19 నుంచి అక్టోబర్ 4 వరకు. భారత్ స్థానం, మొత్తం పతకాలు, పతాకధారులు, మన తెలుగువాళ్ల పేర్లు, ఈ నాలుగు వరసలకూ చోటు వదలండి. పోటీలు ముగిశాక నింపేటప్పుడు కూడా పెన్సిలే వాడండి.