మోకాలి దెబ్బలు – 2వ పాఠం: వాపు ఏం చెబుతుంది?

పోయిన పాఠంలో నొప్పి ఎక్కడుందో ఒక్క వేలితో చూపించడం నేర్చుకున్నాం. ఈసారి వాపు సంగతి. ఇక్కడ మొదట అడగాల్సిన ప్రశ్న: వాపు ఎప్పుడు మొదలైంది?

కాలు మెలిపడిన గంట, రెండు గంటల్లోనే మోకాలు బంతిలా ఉబ్బితే కీలు లోపల రక్తం చేరిందని అనుమానించాలి. లిగమెంట్ (ఎముకలను కలిపి ఉంచే గట్టి పట్టీ) తెగినా, ఎముక చిట్లినా ఇలా అవుతుంది. పడిన క్షణంలో లోపల ‘టప్’మన్నట్టు అనిపిస్తే అనుమానం ఇంకా బలపడుతుంది. ఇలాంటప్పుడు ఇంటి వైద్యం వద్దు, ఆ రోజే ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లండి. అలా కాకుండా, రాత్రి మామూలుగా పడుకుని పొద్దున లేచేసరికి మోకాలు బిగుసుకుని వాచి ఉంటే, అది చాలావరకు కీలులో ఊరిన నీరు. చిన్న బెణుకుకీ వస్తుంది, కీలు లోపల ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ చిరిగినా వస్తుంది.

నీరు ఉందో లేదో మీరే చూసుకోవచ్చు. మంచం మీద కాళ్లు చాపి, తొడ వదులుగా పెట్టి కూర్చోండి. మోకాలి చిప్పకు లోపలి వైపు, అంటే రెండో కాలి వైపు, చిన్న గుంట ఉంటుంది. బాగున్న కాలితో పోల్చి చూడండి. గుంట పూడినట్టుంటే అరచేత్తో అక్కడి నుంచి తొడ వైపుకు రెండు మూడు సార్లు మెల్లగా నిమరండి. గుంట తేలుతుంది. వెంటనే చిప్పకు బయటి వైపున పైనుంచి కిందికి నిమరండి. లోపలి గుంట అలలా ఉబ్బితే అది నీరే. నీరు మరీ ఎక్కువుంటే ఈ అల కనిపించదు, అప్పుడు వాపు కంటికే తెలిసిపోతుంది.

కుంటుతూ అయినా నాలుగు అడుగులు వేయలేకపోయినా, మోకాలు 90 డిగ్రీలు వంగకపోయినా, చిప్ప ఎముకను నొక్కితే నొప్పి పుట్టినా, వయసు 55 లేదా అంతకు పైబడినా ఎక్స్‌రే తీయించండి. మోకాలు ఎర్రగా కాలిపోతూ జ్వరం కూడా ఉంటే ఒక్క పూట కూడా ఆగొద్దు.

ఇవేవీ లేకపోతే ఐస్ పెట్టండి. మా ఇంట్లో తమ్ముడు కబడ్డీలో పడితే మా నాయనమ్మ ప్రేమతో ఉప్పు మూట కాపడం పెట్టింది. సాయంత్రానికి వాపు ఇంకా పెరిగింది. మొదటి రెండు రోజులు కాపడం, మర్దన రెండూ వద్దని నేను అప్పుడే నేర్చుకున్నాను. ఐస్‌ని తడి తువ్వాలులో చుట్టి 15 నిమిషాలు పెట్టండి. మెలకువగా ఉన్నంతసేపు రెండు మూడు గంటలకోసారి చాలు. ఐస్‌ని నేరుగా చర్మానికి తగలనివ్వకండి. స్పర్శ సరిగా తెలియని షుగర్ పేషెంట్లు ఐస్ జోలికి వెళ్లకపోవడమే మంచిది. పడుకున్నప్పుడు కాలు గుండె కంటే ఎత్తులో ఉండేలా మడమ కింద, పిక్క కింద దిండ్లు పెట్టండి.

క్రేప్ బ్యాండేజీని పిక్క దగ్గర మొదలుపెట్టి తొడ వైపుకు చుట్టండి. కట్టాక బొటనవేలి గోరు నొక్కి వదలండి. తెల్లబడిన చోట రెండు సెకన్లలో మళ్లీ రంగు రావాలి. రాకపోయినా, వేళ్లు తిమ్మిరెక్కినా వెంటనే విప్పి కాస్త వదులుగా కట్టండి. నిద్రపోయే ముందు మాత్రం కట్టు తీసేయండి.

వచ్చే పాఠంలో తువ్వాలు మడతతో చేసే తొడ కండరం వ్యాయామం. ఈలోగా బాగున్న మోకాలి మీద గుంట వెతకడం సాధన చేయండి.