ఆశ్రమ పాఠశాలలో రోబోటిక్స్ క్లాసు పెడదామనుకుంటున్నరా, ఇట్ల మొదలుపెట్టండి

ఏటూరునాగారం, ఉట్నూరు దిక్కు ఆశ్రమ పాఠశాలల్లో కోయ, గోండు, కొలాం పిల్లలకు రోబోటిక్స్ నేర్పుదామని వరంగల్ నుంచి పోయే ఇంజనీరింగ్ స్టూడెంట్ల కోసం రాస్తున్న. ఒక్కరోజు పోయి రోబోను అటుఇటు నడిపించి ఫొటోలు దిగి వచ్చేస్తే పిల్లలకు ఏమీ మిగలదు. స్క్రూడ్రైవర్ వాళ్ల చేతిల ఉండాలె, మనం వచ్చేసినంక కిట్టు అక్కడే ఉండాలె, అది కుదరకపోతే ఇంకో బడి చూసుకోండి.

ముందు హెచ్‌ఎం సార్‌తో, వార్డెన్‌తో మాట్లాడి, ఐటీడీఏ (గిరిజన అభివృద్ధి సంస్థ) ఆఫీసుల లెటర్ ఇచ్చి పర్మిషన్ తీసుకోండి. టైం కూడా వాళ్లనే అడగండి. ఎండాకాలం క్యాంపు పెడతమంటరు చాలామంది, కానీ అప్పుడు ఇప్పపువ్వు ఏరుడు, ఆ తర్వాత తునికాకు సీజను, ఇంట్ల అందరూ పనికి పోతరు, పిల్లలు కూడా. రెండేళ్లకోసారి మాఘమాసంల మేడారం జాతర ఉంటది, ఆ వారం ఎవ్వరూ దొరకరు.

కిట్టుకు ఆర్డ్యూనో యూనో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డు చాలు, దాని నకలు, అంటే క్లోన్ బోర్డయినా పర్లేదు. కానీ చాలా క్లోన్ బోర్డులకు సీహెచ్340 డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాం లేకపోతే ల్యాప్‌టాప్ బోర్డును గుర్తుపట్టదు, అక్కడ సిగ్నల్ దొరకదు, అందుకని డ్రైవర్, ఆర్డ్యూనో సాఫ్ట్‌వేర్ రెండూ పెన్‌డ్రైవ్‌ల వేసుకుని పోండి. పవర్ బ్యాంకు ముందే టెస్ట్ చేసుకోండి, బోర్డు తీసుకునే కరెంటు మరీ తక్కువని కొన్ని వాటంతట అవే ఆఫ్ అయిపోతయి. 5 వోల్టుల పని మాత్రమే చేయించండి, గోడ ప్లగ్గు జోలికి పోనియ్యొద్దు.

మొదటి క్లాసుల కోడింగ్ వద్దు. పాడైన టార్చిలైట్లు, బొమ్మ కార్లు ఇచ్చి విప్పమనండి. తర్వాత ఎల్‌ఈడీ, 220 ఓమ్స్ రెసిస్టర్ (కరెంటును తగ్గించేది) కలిపి వెలిగించమనండి, ఎల్‌ఈడీ పొడుగు కాలు ప్లస్. వెలగకపోతే మీరు చెయ్యి పెట్టకండి, కాలు తిప్పి చూస్తరు, వైరు లూజుందా చూస్తరు, వాళ్లే పట్టుకుంటరు.

ఆ తర్వాత హాస్టల్ నీళ్ల ట్యాంకు అలారం చేయించండి, ట్యాంకు పొంగిపొర్లుడు, పొద్దున లేచేసరికి నీళ్లు లేకపోవుడు వాళ్లకు రోజూ తెలిసిందే కాబట్టి ఇంట్రెస్ట్ ఉంటది. హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అనే దూరం కొలిచే సెన్సర్ ఒక ధ్వని పంపుతది, అది నీళ్లకు తగిలి తిరిగొచ్చిన టైంను మైక్రోసెకండ్లల్ల తీసుకుని 58తో భాగిస్తే సెంటీమీటర్లు వస్తయి. 1160 వస్తే 20 సెంటీమీటర్లు. 58 ఎందుకో వాళ్లతోనే లెక్క చేయించండి, ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతది, పోయి రావాలె కాబట్టి రెండింతలు, సైన్స్ పుస్తకంల ప్రతిధ్వని పాఠం ఇదే. ముందు బకెట్ల చేయండి. నిజం ట్యాంకుకు వాటర్‌ప్రూఫ్ రకం కావాలె, దానికి మరీ దగ్గరున్నది కనబడదు, నిండిన నీళ్లకు ఒక 25 సెంటీమీటర్ల పైన బిగించండి.

భాష సంగతి చాలా ముఖ్యం. చిన్న క్లాసుల పిల్లలకు మన తెలుగే సరిగ్గ అందదు, ఇంగ్లీషు ఎక్కడిది. తొమ్మిదో తరగతి పిల్లలకు ముందు నేర్పి, వాళ్లతో చిన్నోళ్లకు కోయలనో గోండిలనో చెప్పించండి, అప్పుడొచ్చే ప్రశ్నలు మన ముంగట ఎన్నడూ అడగరు. ఒక కిట్టుకు ముగ్గురిని పెట్టి, ఆడపిల్లలకు వేరే కిట్లు ఇయ్యండి, లేకపోతే ల్యాప్‌టాప్ మగపిల్లల దగ్గరే ఉండిపోతది.

పదో తరగతి పిల్లలతో తర్వాతి దారి గురించి కూడా కూర్చుని మాట్లాడండి. పాలిటెక్నిక్‌కు పాలీసెట్ ఎంట్రెన్స్ రాయాలె, బాసర ఆర్జీయూకేటీల (ట్రిపుల్ ఐటీల) పదో తరగతి మార్కుల మీద ఆరేళ్ల కోర్సుకు సీటొస్తది, ఎస్టీ రిజర్వేషన్ ఉంటది. నోటిఫికేషన్ పడ్డంక కుల ధ్రువీకరణ, ఆదాయ సర్టిఫికెట్ల కోసం మీసేవకు ఉరికితే లాస్ట్ డేట్ దాటిపోతది, సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడే అప్లై చేయమని తల్లిదండ్రులకు చెప్పి పంపండి.