ఇంగ్లిష్ శాస్త్రపదాల పుట్టుక – 4వ పాఠం: హెలికాప్టర్‌ని ఎక్కడ విడదీయాలి?

గత పాఠంలో గ్రీకు మాటలను అతికే 'ఓ' చూశాం. అతుకు ఎక్కడుందో పట్టుకోవడం ఈసారి పని.

హెలికాప్టర్‌ని చాలామంది హెలి, కాప్టర్ అని విరుస్తారు. ఇంగ్లిష్‌వాళ్లూ అలాగే విరిచి హెలిప్యాడ్, క్వాడ్‌కాప్టర్ పుట్టించారు. వాడుకకు అవి బాగానే ఉన్నాయి, వ్యుత్పత్తికి మాత్రం పనికిరావు. 1861లో ఫ్రాన్స్‌లో పోంతోం దామెకూర్ ఈ మాట కల్పించినప్పుడు కలిపినవి రెండు: సుడి అనే అర్థమున్న హెలిక్స్, రెక్క అనే అర్థమున్న ప్టెరాన్. కాబట్టి విరుపు హెలిక్-ఓ-ప్టర్. మాట 'ప్ట్'తో మొదలవడం మన చెవికి అలవాటు లేదు, అందుకే 'ప్'ని ముందు ముక్కకు అంటగడతాం. టెరోడాక్టిల్ స్పెల్లింగులో పలకని 'పి' ఇదే.

హెలిక్స్ చివరి 'ఎక్స్' ఏమైంది? అది క్ + స్. ఆ 'స్' ప్రథమా విభక్తి ప్రత్యయం, సమాసంలో రాలిపోతుంది. అందుకే మాట 'ఎక్స్'తో ముగిస్తే, దాని స్థానంలో మొదట 'సి' పెట్టి చూడండి: థొరాక్స్–థొరాసిక్, అపెండిక్స్–అపెండిసైటిస్. 'ఎక్స్' ముందు 'ఎన్' ఉంటే చాలాసార్లు 'జి' వస్తుంది: లారింక్స్–లారింజైటిస్. అనుమానం వస్తే నిఘంటువులో మూలపదం షష్ఠీ రూపం చూడాలి, తీర్పు దానిదే.

ఎక్కువమంది బోల్తా పడేది హీలియం దగ్గర. దాని మూలం సూర్యుడు, హీలియోస్. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రజ్ఞుడు జాన్సెన్ మన గుంటూరు నుంచే పరిశీలించాడు. ఆ ఏడాదే ఇంగ్లిష్ ఖగోళ శాస్త్రజ్ఞుడు లాకియర్ సూర్యకాంతి వర్ణపటంలో గుర్తించిన పసుపు గీత వల్ల మూలకానికి ఆ పేరు వచ్చింది. తేడా పట్టడానికి స్పెల్లింగులో 'హెలి' తర్వాతి అక్షరం చూడండి. 'సి' ఉంటే సుడి: హెలికోబాక్టర్ మెలితిరిగిన బాక్టీరియా. 'ఓ' గానీ, హీలియంలోలా 'యు' గానీ ఉంటే సూర్యుడు. హెలిప్యాడ్‌లోలా 'పి' ఉంటే, హెలికాప్టర్ నుంచి తెగిన ముక్క.

ప్టెరాన్ మూలధాతువు సంస్కృతంలో 'పత్', ఎగరడం, పడటం. పతత్రి, పత్రం దాని సంతానమే. ఇంగ్లిష్‌లో 'ప' 'ఫ' అయి ఫెదర్ వచ్చింది. పితృ–ఫాదర్, పాద–ఫుట్ అదే దారి. అలాగని ప్టెరాన్ సంస్కృతం నుంచి వచ్చిందనకండి. ఇవి తోబుట్టువులు, తల్లీబిడ్డలు కావు.

అభ్యాసం: దోమల వర్గం డిప్టెరా, ఆదిపక్షి ఆర్కియాప్టెరిక్స్ – రెంటినీ విడదీయండి. రెండోదాని చివర ప్టెరిక్స్, రెక్కే. దానికి 'సి' పెడతారా, 'జి' పెడతారా? నల్లగుడ్డు మీదికి రెక్కలా పాకే కంటి కండకు డాక్టర్లు పెట్టిన పేరు, టెరీజియం, చూసి చెప్పండి.